ఊలు కట్టిన మందు సీసాలు

లెయొంతీన్ డేగల్ వేళ్ళు ఎవరినీ నమ్మవు.

సాంత్-ఒడీల్ ఊరి చివర బంగాళాదుంపల షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె బెల్టు పక్కన నిలబడింది. ఎదురుగా దుంపలు వరదలా పారుతుంటే, వేళ్ళ చివర్లు కత్తిరించిన చేతితొడుగులు వేసుకుని, పనికిరానివాటిని ఏరి పారేయడం ఆమె పని. కుళ్ళిన దుంప కంటికే తెలుస్తుంది, దానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పైకి నున్నగా నిండుగా ఉండి, కోసి చూస్తే నడిమధ్య నల్లటి బోలు ఉండే దుంప ఒకటుంటుంది. దాన్ని పట్టుకోవడం కంటి వల్ల కాదు. లెయొంతీన్ బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి పక్కన పడేసేది. "బంగారంలాంటి దుంప, దాన్నెందుకు తీశావ్?" అని మేస్త్రీ కసురుతూ వస్తే, జేబులోంచి కత్తి తీసి, దుంపని రెండు చెక్కలు చేసి అతని అరచేతిలో పెట్టేది. మేస్త్రీ ఆ చెక్కలు పట్టుకుని వెనక్కి తిరిగేవాడు.

షెడ్డు మానేశాక కూడా వేళ్ళు ఆ పని మానలేదు. బ్యాంకువాళ్ళు ఊరికే ఇచ్చిన క్యాలెండరు తీసుకుని, తిరగేసి, వెనక ఏం రాశారో చూసేది. చర్చి కప్పుకి చందాలడిగితే, నిచ్చెన తెప్పించి కప్పెక్కి చూశాకే ఇచ్చింది. అప్పటికామెకి అరవై ఎనిమిదేళ్ళు.

ఇదంతా పుట్టుకతో వచ్చిన గుణం కాదు. చిన్నప్పుడు బడిలో, ఇంట్లో మాట్లాడే ఫ్రెంచిలో "చలేస్తోంది" అన్నందుకు, "నేను ఇంగ్లీషులోనే మాట్లాడతాను" అని నూరు సార్లు రాయించారు. చలి మాత్రం తగ్గలేదు. అప్పట్నుంచీ ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా, ప్రతి మాట కిందా వేలు పెట్టి చదువుతుంది. పెద్దయ్యాక షెడ్డు చేతులు మారింది. కొత్త యజమానుల ఉత్తరం "మీ క్షేమాన్ని దృష్టిలో ఉంచుకుని" అని మొదలై, పని విరమించినవాళ్ళ మందుల ఖర్చు ఇకమీదట భరించలేమని మూడో పేరాలో తేల్చింది. ముప్పై ఒక్క ఏళ్ళ నిలువుకాళ్ళ కొలువుకి మూడు పేరాలు! అప్పట్నుంచీ ఎవరైనా క్షేమం మాట ఎత్తితే లెయొంతీన్ బొటనవేలు దానంతటదే బిగుసుకుంటుంది.

ఆ ఇంట్లో మనుషుల్ని నమ్మే పని మొత్తం అక్క ఒజెలీ ఒక్కతే చేస్తుంది. ఒజెలీ పెళ్ళి చేసుకోలేదు. కాన్వెంటు వంటింట్లో నలభై ఏళ్ళు సూపు కలిపి, డెబ్భై దాటాక చెల్లెలి ఇంటికి చేరింది. చెల్లెలికి మొగుడు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఒజెలీ పొద్దున్నే బక్‌వీట్ అనే ధాన్యం పిండితో ప్లోయ్ అట్లు పోస్తుంది. వెన్న రాసి చుట్టి ఇస్తుంది. ఎవరొచ్చినా రెండు పెడుతుంది, మతప్రచారకులైనా సరే.

రెండేళ్ళ కిందట ఒకనాడు ఆపిల్ తొక్క తీస్తూ తీస్తూ, "లెయొన్, ఈ చెయ్యి నాది కానట్టుందే" అని, కత్తి కిందపెట్టి మరీ ఒరిగిపోయింది. దక్షిణాన ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. గుండె రక్తనాళం మూసుకుపోకుండా స్టెంటు అనే చిన్న గొట్టం వేశారు. డాక్టరు గులాబీ రంగు మాత్ర ఒకటి చూపించి, చెల్లెలి వైపు తిరిగి చెప్పాడు.

"రోజుకొకటి. పండగైనా, మంచు తుఫానైనా మానకూడదు. మానితే స్టెంటులో రక్తం గడ్డకడుతుంది. అప్పుడు ఇక్కడిదాకా తీసుకొచ్చే వ్యవధి కూడా ఉండదు."

లెయొంతీన్ అనుమానించకుండా నమ్మిన డాక్టరు మాట అదొక్కటే.

ఊళ్ళో మందుల షాపు రొజేర్ సిర్వాది. వరసకి మేనల్లుడు, వయసు యాభై ఎనిమిది. గులాబీ మాత్రతో కలిపి ఇద్దరి మందులూ లెక్కగడితే, చలికాలంలో నెల్లాళ్ళు ఇల్లు వెచ్చబెట్టుకునే నూనె కంటే ఎక్కువైంది. రొజేర్ ఆ అంకె నోటితో చెప్పలేక, కాగితం మీద రాసి బల్ల మీద ఇటు తిప్పాడు. ఊరికి ఉత్తరాన నది. నది మీద వంతెన. వంతెనకి అవతల కెనడా. అక్కడ అదే మాత్ర, అదే రంగు, అదే ముద్ర, ధర సగం కూడా లేదు. నీళ్ళకి ఇవతల పుట్టడమే ఒక రోగమన్నట్టు.

లెయొంతీన్ మూడు నెలలకోసారి వంతెన దాటడం మొదలుపెట్టింది. ఇక్కడి డాక్టరు చీటీ మీద అక్కడి డాక్టరు సంతకం పెడితే చాలు, అక్కడి షాపువాళ్ళు మందిస్తారు. తిరుగు దారిలో వంతెన మీద కస్టమ్స్ గుమాస్తా ఉంటాడు. ముసలాళ్ళ సంచులు వాళ్ళు చూసీ చూడనట్టు వదిలేస్తారని అందరూ అనేవారు. లెయొంతీన్‌కి చూసీ చూడనట్టు ఉండేవాడంటేనే ఎక్కువ భయం. వాడు చూసింది ఎక్కడో రాసుకుంటాడు కదా!

అందుకని ఒక పద్ధతి కనిపెట్టింది. అవతలి ఒడ్డున ఊలు దుకాణం ముందు కారాపేది. సీట్లో కూర్చుని, కెనడా సీసాల్లోని మాత్రలన్నీ రొజేర్ షాపు పాత సీసాల్లోకి ఒంపేది. కెనడా సీసాలు అక్కడి చెత్తబుట్టలోనే పడేసేది. లోపలికెళ్ళి రెండు ఊలు ఉండలు కొనేది. వంతెన మీద గుమాస్తా అడిగితే చెప్పేది ఊలే. సంచి తెరిస్తే కనబడేది మన ఊరి షాపు పేరే. రొజేర్‌కి కూడా ఈ సంగతి తెలియనివ్వలేదు. మేనల్లుడి కొట్టు పక్కనుంచి నడిచెళ్ళి పరాయి దేశంలో కొన్నానని ఏ మొహంతో చెబుతుంది?

ఒంపడానికి ఏ సీసా అందితే ఆ సీసా. గులాబీ మాత్రలకి మాత్రం మూత తేలిగ్గా వచ్చేదాన్ని ఏరింది, ఒజెలీ కీళ్ళు వంగవు కనక. అది ఒజెలీ ఎప్పుడో మానేసిన రక్తపోటు బిళ్ళల సీసా. ఏ సీసాలో ఏముందో గుర్తుండటానికి మెడకి ఊలు ముక్క కట్టింది. ఎరుపు ఉదయానికి, నీలం రాత్రికి, గులాబీకి గులాబీ. పైన అంటించిన కాగితం మీద ఏం రాసుందో ఇద్దరూ చూడటం మానేశారు. తెచ్చిన ఊలు వృథా పోకూడదని ఒజెలీ చేతితొడుగులు అల్లి వీధిలో అందరికీ పంచింది.

పక్కింట్లో ఉండేది అల్దేవో డేగల్, లెయొంతీన్ మొగుడి అన్న. పెళ్ళాం పోయింది, నోరు మిగిలింది.

"మరదలా! ఇది నాలుగో జత. నాకున్నవి రెండు చేతులేనని మీ అక్కకి చెప్పు" అనేవాడు కంచె మీద నుంచి.

"మీరు నెలకోసారి అవతలికెళ్ళి జున్ను తెస్తారుగా బావగారూ? అంత జున్ను ఎవరు తింటున్నారు మీ ఇంట్లో?"

"ఎలకలు. చాలా బలిశాయి."

రెండువేల ఆరు జనవరిలో రెండు సంగతులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అవతలి ఒడ్డు డాక్టరు సంతకం పెడుతూ తలెత్తకుండా, "ఇదే ఆఖరు. మా డాక్టర్ల సంఘం వాళ్ళు నన్ను పిలిచి మందలించారు. మీ దేశం రోగుల చీటీల మీద ఇంక సంతకం పెట్టకూడదట" అన్నాడు. ఇంటికొచ్చేసరికి ఉత్తరాల పెట్టెలో ప్రభుత్వం పుస్తకం. అరవై అయిదు దాటినవాళ్ళకి మెడికేర్ అనే ప్రభుత్వ వైద్యబీమా ఉంది కానీ, ఇంతకాలం అందులో ఇంటికి తెచ్చుకునే మందుల్లేవు. ఇప్పుడు చట్టం మార్చారట. మందులు కూడా కలిపారట. అయితే ప్రభుత్వం నేరుగా ఇవ్వదు. ప్రైవేటు కంపెనీలు నలభై రకాల పథకాలు పెడతాయి, ఒకటి ఎంచుకోవాలి. ఏ పథకంలో ఏ మందుందో ఎవరికి వాళ్ళే చూసుకోవాలి. మే పదిహేనులోగా చేరకపోతే బతికున్నంతకాలం జరిమానా.

లెయొంతీన్ వంటింటి బల్ల మీద పుస్తకం పరిచి, వేలు పెట్టి చదివింది. నాలుగు రోజులు పట్టింది.

"ఏమంటోందే పుస్తకం?" అంది ఒజెలీ.

"మేలు చేస్తామంటోంది. చేయించుకోకపోతే జరిమానా వేస్తుందట."

"పోనీలే, ఏదో ఒకటి చేస్తున్నారుగా."

"నలభై పథకాలెందుకక్కా? మంచిదొకటుంటే చాలదా? బెల్టు మీద ఒకే రకం దుంపలకి నలభై గోతాలు పెట్టారంటే, ముప్పై తొమ్మిదింట్లో కుళ్ళువి పోస్తారని అర్థం."

ఇంకో పేజీలో బొమ్మ ఒకటుంది. ఏడాది మొదట్లో కంపెనీ చాలావరకు కడుతుంది. మందుల ఖర్చు ఒక గీత దాటగానే చెయ్యి తీసేస్తుంది, మొత్తం ముసలివాళ్ళే కట్టుకోవాలి. ఇంకా చాలా దూరం పోయాక మళ్ళీ కంపెనీ వస్తుంది. లెయొంతీన్ ఆ బొమ్మలో గీత వెంట వేలు నడిపి, మధ్య ఖాళీ దగ్గర ఆపింది. ఇది వంతెన కట్టి మధ్యలో పలకలు ఊడదీయడం. డెబ్భై ఏళ్ళవాళ్ళు దూకి దాటాలట!

చేరనని మొండికేసేదే. కానీ సీసాలో గులాబీ మాత్రలు మూడు నెలలకే ఉన్నాయి. అవతల సంతకం పెట్టేవాడు లేడు. ఇష్టమున్నా లేకపోయినా ఈ పలకల మీదే నడవాలి.

ఫిబ్రవరిలో చర్చి హాల్లో సాయం చేయడానికి దక్షిణం నుంచి ఒకావిడ వచ్చింది. హెస్టర్ విట్‌కమ్, రిటైరైన లెక్కల టీచరు. జీతం లేకుండా చేస్తోందని ఫాదర్ చెప్పాడు. జీతం లేకుండా అనేసరికి లెయొంతీన్ ఇంకాస్త జాగ్రత్తపడింది. వాడే మందులన్నీ సరుకుల కాగితం సంచిలో వేసి తెమ్మన్నారు. హాలు నిండా ముసలివాళ్ళు ఒళ్ళో గోధుమరంగు సంచులు పెట్టుకుని, మూతులు గట్టిగా మడిచి పట్టుకుని, ఎవరి సంచి వైపు ఎవరూ చూడకుండా కూర్చున్నారు. దొంగసొత్తు పంచుకోవడానికి వచ్చినట్టున్నారు.

విట్‌కమ్ సంచి బల్ల మీద బోర్లించింది.

"ఈ దారాలేమిటండీ?"

"గుర్తుకి. కళ్ళద్దాలు కావలసినప్పుడు కనబడవు."

"మంచి ఉపాయం. ఇవేనా అన్నీ? ఇంకేమైనా వాడుతున్నారా?"

"ఇవే."

ఆవిడ ఒక్కో సీసా ఎత్తి, పైన కాగితం మీద రాసింది చదివి, కంప్యూటర్లో కొడుతోంది. గులాబీ దారం సీసా ఎత్తినప్పుడు లెయొంతీన్ నోరు తెరిచింది. బల్ల మీద కాగితాల బొత్తికి మూల ప్రభుత్వం వారి డేగ ముద్ర ఉంది. అది పక్కకి తిరిగి ఒక కంటితో తననే చూస్తోంది. లెయొంతీన్ నోరు మూసేసింది. కార్డంటూ వస్తే ఏ మందైనా వస్తుందిలే అని తనకి తానే సర్దిచెప్పుకుంది. వంతెన సంగతి వీళ్ళకెందుకు?

"అదృష్టవంతులండీ మీ అక్కగారు. అన్నీ చవక మందులే. స్టెంటు వేశారన్నారు కదా, దానికేమీ ఇవ్వలేదా?"

"డాక్టరు ఏమిచ్చాడో అవన్నీ అక్కడే ఉన్నాయి."

అబద్ధం కాదు. అన్నీ అక్కడే ఉన్నాయి.

యంత్రం కాగితం కక్కింది. ఒజెలీకి అన్నిటికంటే చవక పథకం పేరు 'మేపుల్ నిశ్చింత'. పేరు వినగానే లెయొంతీన్ బొటనవేలు బిగుసుకుంది. పన్నెండు పేజీలూ ఇంటికి తీసుకెళ్ళి వారం రోజులు చదివింది. చదవకుండా తిప్పేసింది ఒక్క పేజీ, వాడుతున్న మందుల జాబితా. అది తన సీసాల మీద నుంచి దించిందే కదా, అందులో మోసమేముంటుంది? అక్క చేత సంతకం పెట్టించి పంపింది.

ఏప్రిల్ ఆఖర్లో సీసాలో పద్నాలుగు మాత్రలు మిగిలాయి. లెయొంతీన్ డాక్టరు చీటీ, కొత్త కార్డు పట్టుకుని రొజేర్ షాపుకెళ్ళింది. రొజేర్ కార్డు నంబరు కొట్టి, ఆగి, మళ్ళీ కొట్టాడు.

"అత్తా, ఈ మాత్ర మీ పథకం లిస్టులో లేదు."

"ఏమిట్రా లేకపోవడం? కార్డుందిగా!"

"కార్డుంటే చాలదత్తా. ఒక్కో కంపెనీకి ఒక్కో లిస్టు. వీళ్ళు ఈ మందివ్వరు. మొత్తం నువ్వే కట్టుకోవాలి."

లెయొంతీన్‌కి కోపం రావలసిన చోట ఒకరకమైన తృప్తి వచ్చింది. దుంప కోసి నల్లబోలు చూపించినప్పటి తృప్తి.

"చెప్పానా! నిశ్చింతట! పేరు పెట్టినప్పుడే అనుకున్నా. ఆ లెక్కల టీచరు, ఆ కంపెనీ ఒకటే. ఊరికే చేస్తోందా అంత దూరం నుంచొచ్చి?"

రొజేర్ చీటీని వెలుగులో పెట్టి చూస్తున్నాడు. "అది సరేగానీ అత్తా, రెండేళ్ళుగా ఈ మాత్ర వేసుకుంటోందా పెద్దత్త? నా దగ్గర ఒక్కసారి కూడా కొన్నట్టు లేదే?"

లెయొంతీన్ కార్డూ చీటీ లాక్కుని బయటికొచ్చేసింది.

ఇంటికొచ్చి చిందులు తొక్కింది. ఒజెలీ ప్లోయ్ పిండి కలుపుతూ అంతా విని, చివరికి, "పోనీ రోజు విడిచి రోజు వేసుకుంటానే. పద్నాలుగు కాస్తా ఇరవై ఎనిమిది రోజులొస్తాయి" అంది, కూరలో ఉప్పు తగ్గించుకుంటానన్నంత మామూలుగా.

"నోరు మూసుకో అక్కా."

"మరి ఏం చేద్దామంటావ్? ఇంతకీ ఆవిడ మనల్నెందుకు మోసం చేస్తుందే? సీసా మీద ఉన్నదే కదా రాసుకుంది." అని ఒజెలీ పిండి చేత్తోనే గులాబీ దారం సీసా అందుకుని, దూరంగా పట్టుకుని కళ్ళు చికిలించింది. "ఇదేమిటే? ఇది నేను చర్చి మెట్ల మీద కళ్ళు తిరిగినప్పటి బీపీ బిళ్ళల పేరు కదూ? అది మానేసి ఎన్నేళ్ళయింది?"

లెయొంతీన్ సీసా తీసుకుంది. కళ్ళద్దాలు పెట్టుకుంది. వేలు పెట్టి చదివింది. తరవాత ఎర్ర దారం సీసా, ఆ తరవాత నీలం. మందుల జాబితా ఉన్న పన్నెండో పేజీ వెతికి తీసి, పక్కన పెట్టి చూసింది. కంపెనీ మోసం చేసింది నిజమే కావచ్చు, దాని సంగతి దానిది. ఈ బోలు మాత్రం ఎవరో చేసింది కాదు. ఊలు దుకాణం ముందు కారు సీట్లో కూర్చుని తన చేతులారా నింపుకున్నదే. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రపంచంలో ప్రతి దుంపనీ నొక్కి చూసిన వేళ్ళు, తమని తాము ఒక్కసారీ నొక్కుకోలేదు.

పుస్తకం మళ్ళీ తీసింది. ఈ ఏడాదికి పథకం ఒక్కసారి మార్చుకోవచ్చు, మే పదిహేను లోపల. అది దాటితే డిసెంబరు దాకా ఇదే నిశ్చింత. ఏవో తిప్పలు పడి ఒక నెల మందు కొనగలదు. ఏడు నెలలు కొనలేదు. మార్చుకోవాలంటే, విట్‌కమ్ ముందు కూర్చుని, సీసాల్లో ఉన్నది వేరు, పైన రాసింది వేరు అని చెప్పాలి. ఎందుకని అడుగుతుంది. వంతెన సంగతి చెప్పాలి. డేగ ముద్ర కాగితం ముందు, నోటితో.

తొమ్మిది రోజులు రకరకాల అబద్ధాలు అల్లి చూసింది. ఒక్కటీ నిలబడలేదు. వేళ్ళు నొక్కగానే లోపలికి పోతున్నాయి.

మే మొదటి శుక్రవారం హాల్లో ఆఖరి సారి కూర్చోబెట్టారు. జనం ఫిబ్రవరి కంటే రెట్టింపు. సగం మంది చేతుల్లో కార్డులు, మొహాల్లో ఏదో తేడా. రొజేర్‌ని కూడా సాయానికి రమ్మన్నారు. లెయొంతీన్ ఆ వేళ కాగితం సంచి తేలేదు. ఇంట్లో ఆపిల్ పై కాల్చుకునే రేకు పళ్ళెం తెచ్చింది. విట్‌కమ్ ఎదురుగా కూర్చుని, జేబుల్లోంచి సీసాలు తీసి, ఒక్కొక్కటే మూత విప్పి ఆ పళ్ళెంలో గుమ్మరించింది. రేకు మీద మాత్రలు వడగళ్ళలా మోగాయి. హాలంతా ఇటు తిరిగింది.

"అయ్యో, ఏమిటండీ ఇది?" అంది విట్‌కమ్.

"పైన రాసింది చదివితే లాభం లేదు. ఇవి రొజేర్ షాపువి కావు. అవతలి ఒడ్డువి. రెండేళ్ళుగా తెస్తున్నా. వంతెన మీద పట్టుబడతానని పాత సీసాల్లో పోశా. మీరు రాసుకున్నది పాత సీసాల పేర్లు. అందుకే మా అక్క మాత్ర మీ లిస్టులో పడలేదు. ఆ మాత్ర ఇవాళ్టిది పోను అయిదే ఉన్నాయి." ఇంగ్లీషులో మొదలెట్టి, మధ్యలో ఫ్రెంచిలోకి జారిపోయి, మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చింది. "నన్నెవరికి పట్టిస్తారో పట్టించండి. ముందు పథకం మార్చండి."

 రొజేర్ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, పళ్ళెం మీదికి వంగాడు.

"అత్తా! మందులకి అవతలికెళ్ళావా?"

"వెళ్ళా."

"ఊలుకన్నావు!"

"ఊలు కూడా కొన్నా."

వెనక బెంచీ కిర్రుమంది. అల్దేవో లేచాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, తప్పు చేసిన పిల్లాడిలా టోపీ నలుపుతున్నాడు.

"విట్‌కమ్ గారూ, మరి... నావి కూడా ఓ పళ్ళెంలో పోయమంటారా?"

"మీవి కూడానా?"

"ఆ జున్ను తినే ఎలకలు ఇవేనండీ."

ఎవరో ముక్కుతో నవ్వారు. మూడో వరసలో ఒకామె సంచి విప్పి, తాను అవతలికి వెళ్ళింది చుట్టాల అంత్యక్రియలకి కాదని చెప్పింది. మూడేళ్ళలో ఆమెకి ఆరుగురు చుట్టాలు పోయారని ఊరంతా జాలిపడింది. ఇంకెవరో టీ పొడి అన్నారు. ఇంకెవరో హాకీ కర్రకి చుట్టే టేపు అన్నారు, మోకాళ్ళు రెండూ మార్పించుకున్న మనిషి! సంచులన్నీ విప్పుకుంటున్నాయి. సీసాల మెడలకి రబ్బరు బ్యాండ్లు, గోళ్ళరంగు చుక్కలు, రొట్టె సంచి కట్టే తీగలు. ప్రతివాళ్ళూ ఒంటరిగా, పక్కవాళ్ళకి తెలియకుండా, అదే పని చేశారు. మూడు నెలలు కష్టపడి విట్‌కమ్ తయారుచేసిన జాబితాలు ఊరంతా ఎప్పుడో మానేసిన మందుల జాబితాలు.

రొజేర్ కుర్చీలో కూలబడ్డాడు. "రెండు మూడేళ్ళుగా ఎవరూ రావడం లేదేమిటా అనుకున్నా. ఊరంతా ఆరోగ్యంగా ఉందని మా ఆవిడతో చెప్పి సంతోషించాను కూడా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేని మొహంతో అన్నాడు. అతన్ని చూసి ఎవరూ నవ్వలేదు.

విట్‌కమ్ కళ్ళు తుడుచుకుంది. నవ్వి తుడుచుకుందో అలసిపోయి తుడుచుకుందో లెయొంతీన్ తేల్చుకోలేక, రెండూ అనుకుని ఊరుకుంది. "నాకు పట్టించడం రాదండీ, ఎక్కాలు చెప్పడమే వచ్చు. రొజేర్ గారూ, ఇలా వచ్చి కూర్చోండి. మీరు మాత్ర చూసి పేరు చెప్పండి, నేను కొడతాను. మొదట ఈ గులాబీ" అంది.

రొజేర్ చెప్పాడు. ఆవిడ కొట్టింది. లెయొంతీన్ కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకుని, తెర మీద ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి సరిచూసింది. గులాబీ మాత్ర ఇచ్చే పథకం దొరికింది. నెలనెలా కట్టేది కాస్త ఎక్కువ. దాన్లోనూ మధ్య పలకలు లేవు.

"ఎప్పుడొస్తుంది ఆ ఖాళీ?"

"మీ అక్కగారి మందుల్ని బట్టి చూస్తే అక్టోబరు చివర్లో."

"వచ్చే ఏడు కూడా ఈ మాత్ర ఇస్తారని కాగితం రాసిస్తారా?"

విట్‌కమ్ తల అడ్డంగా ఊపింది. "ఇవ్వరండీ. లిస్టు మార్చుకునే హక్కు వాళ్ళకుంది. పథకం మార్చుకునే హక్కు మీకు మాత్రం ఏడాదికోసారే."

లెయొంతీన్ ఆవిడ వైపు మొదటిసారి తిన్నగా చూసింది. దుంప నొక్కి చూపించి, లోపల బోలుందని తనంతట తానే చెప్పిన మనిషి! సంతకం పెట్టడానికి కలం అడిగింది.

కొత్త కార్డు పనిచేసేది జూన్ ఒకటి నుంచి. అయిదు మాత్రలు పదో తారీకు దాకా వస్తాయి. ఆపైన ఇరవై ఒక్క రోజులు. ఆ మాట పైకి అనకముందే అల్దేవో పక్కన నిలబడి, తన సీసా ఒకటి వంచి అరచేతిలో పోసుకుంటున్నాడు. అవీ గులాబీవే.

"నా గుండెకీ ఓ గొట్టం వేశారు మరదలా. చెప్పుకోవడం సిగ్గేసి ఊరుకున్నా. నా దగ్గర ఆగస్టు దాకా ఉన్నాయి. పట్టు."

"డాక్టరు మందు ఒకరిది ఒకరు..." అని మొదలెట్టిన రొజేర్, అకస్మాత్తుగా కిటికీలోంచి నది చూడాలనిపించి లేచి వెళ్ళిపోయాడు.

లెయొంతీన్ ఒక్కో మాత్రనీ వేళ్ళ మధ్య తిప్పి, ముద్ర చూసి, తన సీసాలో వేసుకుంది.

"ఇరవై రెండున్నాయి బావగారూ. ఒకటెక్కువ."

"ఉండనీ. అది నీ అనుమానానికి."

జూన్ ఒకటిన షాపు తెరిచేసరికి లెయొంతీన్ గుమ్మంలో ఉంది. రొజేర్ కార్డు కొట్టాడు. ఈసారి యంత్రం ఒప్పుకుంది. ఒజెలీ పేరు, మందు పేరు సరిగ్గా ఉన్న సీసా బల్ల మీద పెట్టాడు. లెయొంతీన్ అక్కడే మూత తీసి ఒక మాత్ర అరచేతిలో వేసుకుంది. జేబులోంచి అల్దేవో ఇచ్చిన ఎక్కువ మాత్ర తీసి పక్కన పెట్టింది. రంగు, ముద్ర, అంచు. రెంటినీ బొటనవేలితో నొక్కింది.

"ఏమంటోందత్తా వేలు?" అన్నాడు రొజేర్.

"ఇవాళ్టికి బానే ఉందంటోంది."

ఇంట్లో ఒజెలీ మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. గుటక దిగేదాకా చెల్లెలు అక్క గొంతు వైపే చూసింది.

"దిగిందే తల్లీ, దిగింది. ఇంక ఆ పాత సీసాలన్నీ చెత్తలో పడెయ్. సరైన పేరున్న సీసా వచ్చిందిగా."

లెయొంతీన్ కొత్త సీసా మెడకి గులాబీ దారం కట్టింది. పాత సీసాలు కడిగి, ఎండలో ఆరబెట్టి, మూతలు పెట్టి, బూట్ల డబ్బాలో పేర్చి అలమరా పై అరలోకి ఎక్కించింది. దిగొచ్చి, ఊలు బుట్ట ముందుకు లాక్కుని, అడుగుదాకా చెయ్యి పెట్టి చూసింది.

"ఊలు తగ్గిపోయిందక్కా. అక్టోబరుకి తెచ్చుకోవాల్సొస్తుందేమో."

"సంతకం పెట్టే డాక్టరు లేడుగా?"

"ఆ ఒడ్డున ఒక్కడే ఉంటాడా డాక్టరు?" అంటూ లెయొంతీన్ ఆ ఎక్కువ మాత్రని ఒక ఖాళీ సీసాలో వేసి, మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసింది.